రాయి కాదమ్మా, గడ్డే

ఖరగ్‌పూర్,
న్యూ సెటిల్‌మెంట్.

శ్రీమతి అమ్మగారి దివ్య సముఖానికి, నీ ఏకైక కుమారుడు మోహనకృష్ణ సాష్టాంగపడి, అంటే నేల తుడవలేదు కాబట్టి మనసులోనే పడి, రాస్తున్నది ఏమనగా: ఇక్కడ నాన్న, నానమ్మ, నేను ఎవరికి తగ్గట్టు వాళ్ళం బాగానే ఉన్నాం. బొబ్బిలిలో నువ్వు, ఇందక్క, బావ, అత్తయ్యగారు, పది నెలల మా మేనకోడలు మౌనిక మహారాణి కూడా అలాగే ఉండాలని నా ఆజ్ఞ.

అక్క మళ్ళీ ఉద్యోగంలో చేరిందని, పాపను చూసుకోవడానికి నువ్వు వెళ్ళినప్పటి నుంచి ఈ క్వార్టర్లో వంట నాన్న చేతిలో పడింది. వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసినట్టే పప్పునూ బాగుచేస్తున్నాడు. నానమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఓరి నూకరాజూ, ఇదేటిరా, పప్పా, గ్రీజా?" అంటుంది. అని, మళ్ళీ వడ్డించుకుంటుంది.

నీ ఉత్తరం అందింది. వరసగా జవాబులు. తింటున్నాను. బండి మెల్లగానే నడుపుతున్నాను, దానికి వేరే దారి లేదు. కాలేజీ అయిపోయాక ఖాళీగా తిరగడం లేదు, ట్రాఫిక్ కాలనీలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వాళ్ళు నన్ను గౌరవిస్తున్నారని ఒక పుకారు కూడా ఉంది. ఇక చివరి ప్రశ్న, కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు: "ఆ సైంటిస్టమ్మకి రక్తం ఇవ్వలేదు కదా?"

ఇచ్చాను.

ఆవిడ పేరు అలేఖ్య. వరంగల్ మనిషి, ఇక్కడి ఇంజినీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోంది. కలకత్తాలో నా ఏడాది చెకప్ దగ్గర పరిచయమైంది. చిన్నపిల్లల కిడ్నీలో క్యాన్సర్ ఏ జన్యువు చెడితే వస్తుందో వెతకడం ఆవిడ పని. అవునమ్మా, క్యాన్సర్. ఇరవై ఏళ్ళుగా మనింట్లో ఎవరూ పైకి అనని మాట కదా, కాగితం మీద రాసి చూశాను. పెన్ను పేలలేదు. అక్క పెళ్ళిలో నేను చొక్కా విప్పినప్పుడు పొట్ట మీది గాటు చూసి అత్తయ్యగారు ఏమిటని అడిగితే, "చిన్నప్పుడు కిడ్నీలో రాయి తీశారు" అన్నావు. నాలుగేళ్ళ వాడికి అంత రాయి ఎక్కడిదమ్మా? పట్టాల కింద కంకర మింగానా? గడ్డ తీశారు, దాంతోపాటు కిడ్నీ తీశారు. ఒంటి కిడ్నీతో నేను డిగ్రీ పాసయ్యాను. రెండేసి ఉన్నవాళ్ళు ఫెయిలయ్యారు.

ఒకరోజు అలేఖ్య మనింటికి వచ్చింది. వంశవృక్షం గీయాలట. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం, పెళ్ళికి అడ్డగీత. నానమ్మ కాళ్ళు చాపుకుని ఎదురుగా కూర్చుంది. మనవన్నీ మేనరికాలు కదా, కాసేపటికే ఆ కాగితం మన నిమ్‌పురా రైలు యార్డులా తయారైంది. ఏ పట్టా ఎటు కలుస్తుందో ఎవరికీ తెలియదు.

"అవ్వా, ఈ గీత ఎటు పోతదే?" అంది అలేఖ్య.

"ఎటు పోతాదమ్మా, ఎనక్కే పోతాది. మా మావే నా మొగుడు!"

"పిల్లలు ఎంతమంది?"

"ముగ్గురు," అంది నానమ్మ. తర్వాత చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. "కాదు. నలుగురు."

నాన్న వంటింట్లోంచి గరిటెతోనే వచ్చేశాడు. "నాలుగోది ఎవులమ్మా?"

"నీకంటే ముందోడు. సింహాచలం. మూడేళ్ళకి కడుపు రాయిలా గట్టిపడిపోనాది. బల్ల పెరిగినాదన్నారు, దిష్టన్నారు. సచ్చిపోనాడు."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"సెప్తే ఏటంతారు? దీని కడుపే మంచిది కాదంతారు. నోరు కట్టుకున్నాను."

ఈ చిలకమ్మగారే, అంటే మా నానమ్మగారే, నా గడ్డ గురించి నిన్ను ఇన్నేళ్ళూ ఏమన్నదో గుర్తుందా? "నీ పుట్టింటోళ్ళ రక్తం" అన్నది. పండక్కి అన్నది, పబ్బానికి అన్నది, కూరలో ఉప్పు ఎక్కువైనా అన్నది. నువ్వు తలొంచుకుని విన్నావు.

నా రక్తంతోపాటు నాన్న, నానమ్మల రక్తమూ తీసుకుంది అలేఖ్య. ఆ తర్వాత ఆసుపత్రి ల్యాబులో ఇంకోసారి సరిచూశారు. కణం ఎక్కడ పెరగడం ఆపాలో చెప్పే జన్యువు ఒకటుందట. ప్రతి మనిషికీ దాని ప్రతులు రెండు. నాకు ఒకటి పుట్టుకతోనే చెడింది. నాన్నకూ అంతే, నానమ్మకూ అంతే. వాళ్ళకు గడ్డ రాలేదు, నాకు వచ్చింది. నాన్న దాన్ని తన వర్క్‌షాపు భాషలోకి మార్చి, "అంటే పుట్టినప్పుడే ఒక బ్రేకు ఫెయిలు. రెండోది పట్టినంతకాలం బండి ఆగతాది" అన్నాడు. ఈ గడ్డ వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇలా వంశంలోంచి రాదట, మనలాంటి ఇళ్ళు కొన్నేనట. మేనరికం కూడా ముద్దాయి కాదు. ఒక్కరి వైపు నుంచి వస్తే చాలు.

నానమ్మ అంతా విని, "మీ అమ్మకి రాయి," అంది. "దాని పుట్టింటోళ్ళది తప్పేటీ లేదని రాయి."

"నీది కూడా లేదే అవ్వా," అంది అలేఖ్య.

నానమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాబట్టి అమ్మా, నీ మీద ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న కేసు ఇందుమూలంగా కొట్టివేయడమైనది. ఖర్చుల కింద నాన్న చేసిన పప్పు నీకు ఇప్పించవచ్చు.

ఇక్కడి నుంచి నవ్వకుండా రాస్తాను. నాన్న నుంచి అది నాకు వచ్చినట్టే అక్కకూ వచ్చి ఉండొచ్చు, రాకపోనూవచ్చు. సగానికి సగం. అక్కకు వచ్చి ఉంటే పాపకూ సగానికి సగం. అక్క రక్తం ఇవ్వాలి. అది తేలేదాకా పాపకు స్కానింగ్ చేయించాలి. అక్కకు లేదని తేలితే ఆపేయడమే. పాపకూ ఉందని తేలితే ఏడేళ్ళు వచ్చేవరకు మూడు నెలలకోసారి. నొప్పి ఉండదు, పొట్ట మీద జెల్లు రాసి చూస్తారంతే.

ఇప్పుడు అసలు నేరం ఒప్పుకుంటున్నాను. నువ్వు చదివింది ఇక్కడి బెంగాలీ బడిలో. తెలుగు మాట్లాడతావు గానీ అక్షరాలు రావు. మన ఉత్తరాలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసిన తెలుగే. "జవాబు అలాగే రాయి, ఈ ఇంట్లో ఎవులూ సదవలేరు" అన్నావు. కావాలనే తెలుగు అక్షరాల్లో రాశాను. ఆ ఇంటికి తెలుగు కాగితం ఏదొచ్చినా భోజనాలయ్యాక అందరి ముందూ బావే చదువుతాడు. ఇంతసేపూ నువ్వు విన్నది బావ గొంతు.

ఇది నా ఒక్కడి దుర్మార్గం కాదు. అక్కకు అన్నీ ఫోన్లో చెప్పాను. "నాను నోరు తెరిస్తే అమ్మ ఏడ్సి ఆపేస్తాది. నువ్వు రాయిరా. నాను పాపనెత్తుకుని పక్కనే కూకుంటాను" అంది.

రాజశేఖర్ బావా, రక్తం ఇచ్చానన్న చోటే నువ్వు ఆగి ఉంటావు. అమ్మ "సాలు బాబూ" అని కాగితం లాక్కోబోయి ఉంటుంది. అక్క "సదవండి" అని ఉంటుంది. ఇక్కడిదాకా చదివావంటే నువ్వు మా బావవే. పెళ్ళికి ముందు దాచాం. దానికి నన్ను ఎంతసేపైనా తిట్టు, వింటాను. అక్కను ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోను. అత్తయ్యగారూ, వంశంలో రోగం ఉందని మీరంటారేమో. ఉంది. దాన్ని కడుపులోంచి తీయించి పారేసి, ఇరవై ఏళ్ళుగా మీ అందరి బుర్రలూ తింటున్నవాణ్ణి నేనే. సింహాచలం కడుపులోకి చూసినవాళ్ళు లేరు. మౌనిక కడుపులోకి చూస్తాం. సిగ్గుపడటం మా అమ్మ చేసినంత చేసింది, ఇక మా ఇంట్లో ఎవరూ చేయరు.

శనివారం పొద్దున నేను విశాఖ స్టేషన్లో దిగుతున్నాను. అక్కడి ఆసుపత్రిలో పాప స్కానింగుకు, అక్క రక్తపరీక్షకు మాట్లాడి పెట్టింది అలేఖ్య. పాప ఏడిస్తే కోతి వేషాలు వేయడానికి నేనుంటాను. మిగతావాళ్ళు వస్తారా రారా అన్నది మీ ఇష్టం. అక్క, పాప వస్తారు.

ఇట్లు,
తలొంచుకోవడం నీ దగ్గర నేర్చుకోని,
నీ ఒంటి కిడ్నీ కొడుకు
మోహనకృష్ణ