గుండప్ప గోడ మీది వంకాయ తీగ

జూలై 6

ఈ రోజు నుంచి మొక్క పెంచుతాను. ఒక్కటే మొక్క. ఆయుధపూజ నాటికి అది మా కిటికీ మీద నుంచి నేల దాకా వేలాడాలి. ఆ రోజు వీధిలో అందరూ బండ్లకు పూజ చేసి బొరుగులు పంచుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. పక్కింటి గుండప్ప కూడా మా గుమ్మం ముందుకు రాక తప్పదు. చూడక తప్పదు.

కారణం రాసిపెట్టుకోవాలి. ఈ వయసులో కోపాలు కూడా మరపున పడిపోతున్నాయి.

నిన్న సాయంత్రం ఆండర్సన్‌పేట టీ అంగడి బెంచీ మీద, అందరూ వింటుండగా గుండప్ప అన్నాడు: "చెన్నప్పకు చదివేది వొచ్చు. పెంచేది రాదు. వాళ్ళింట్లో తులసి కూడా ఎండిపోయిండాది." అందరూ నవ్వారు. నేను గని టైమాఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి, అతను కేజ్ అనే గని లిఫ్టు నడిపేవాడు. మనుషులను భూమి లోపలికి దించడమే అతని ఉద్యోగం. రిటైరయ్యాక కూడా మానలేదు.

పాత బాకీ వేరే ఉంది. రీడింగ్ రూమ్‌కు అతను అధ్యక్షుడైన కాలంలో, నేనిచ్చిన రెండు అల్మారాల పుస్తకాలను చెదలు పట్టాయని పాత పేపర్లవాడికి తూకానికి వేశాడు. అప్పటి నుంచి అతని ఇంటి మెట్టు ఎక్కలేదు. ఎక్కను.

ఏ మొక్క? అతని గోడ మీద ఉన్నదే. ఊదా రంగు ఆకులు, చిన్న గులాబీ పూలు. దానికి ట్రాడెస్కాంటియా అని నిండైన పేరుంటే అతను వంకాయ తీగ అంటాడు. పేరు కూడా తెలియని మనిషి గోడ మీద అది అంత ఏపుగా పెరగడం ప్రకృతి చేసిన అన్యాయం.

జూలై 7

కొమ్మ కావాలి. అడగను. అడిగితే ఇక పందెమెక్కడిది?

మా లైను ఇళ్ళలో ముసలివాళ్ళు పొద్దున్నే కవరు పట్టుకుని వాకింగ్‌కు బయలుదేరి, కనబడిన గోడ మీదల్లా పూలు కోస్తారు. గోడ దాటిన పువ్వు దేవుడిదని వాళ్ళ సిద్ధాంతం. ఇన్నేళ్ళూ దాన్ని దొంగతనమనే వాదించాను. ఈ రోజు ఆలోచిస్తే అందులో కొంత బలముంది.

రోడ్డు మీదికి వంగిన కొమ్మ ఒకటి తుంచాను. పట్టుకోగానే, అదే రావాలనుకున్నట్టు పుటుక్కున విరిగింది. కవరులో పెట్టి పైన నాలుగు పచ్చగన్నేరు పూలు కప్పాను.

ఇంటికి రాగానే నారాయణమ్మ అడ్డం వచ్చింది. "దేవునికి దండమే పెట్టవు. పూలు ఎవురికి?"

నీకే అన్నాను. మా పెళ్ళయ్యాక ఆమెకు ఇంత అనుమానం ఎప్పుడూ రాలేదు.

జూలై 16

వేర్లు! కాఫీ పొడి సీసాలో నీళ్ళు పోసి పెట్టాను, అంతే. తెల్లగా, దారాల్లాగా దిగాయి. గుండప్పా, చూస్తూ ఉండు.

జూలై 17

మట్టిలో ఒక వంతు ఇసుక కలపాలని పుస్తకం చెబుతోంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఇసుక కొనేవాడు వెర్రివాడు. బంగారం తీశాక మిగిలిన పొడి సైనైడ్ దిబ్బలై కొండలంత ఎత్తున ఉంది. ఈ గాలి రోజుల్లో దిబ్బే మా వరండాలోకి వస్తుంది. ఊడ్చి, జల్లించి, కుండీకి కలిపాను. ఇన్నేళ్ళ ఎండావానలకు అందులోని విషం పోయి ఉంటుందని రసాయనశాస్త్రం తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు.

నారాయణమ్మ ఒప్పుకోలేదు. "ఆ దిబ్బ మింద గడ్డి మొలిచేది యాడన్నా చూసినావా?" అంది.

అది శాస్త్రీయమైన ప్రశ్న కాదు.

జూలై 29

ఆకుల అంచులు గోధుమ రంగులోకి తిరిగాయి. చోటు మారిన బెంగ. మనుషులకు లేదా?

ఆగస్టు 2

బెంగ కాదు. పోయింది.

మళ్ళీ వాకింగ్. మళ్ళీ గన్నేరు పూలు. ఈసారి పెరటి మట్టి మాత్రమే. దిబ్బ ఇసుక ప్రస్తావన ఇంట్లో ఎవరూ తేవద్దని చెప్పాను. ఉన్నది మేమిద్దరమే.

ఆగస్టు 19

పెరుగుతోంది, జానెడు దాటింది. కానీ ఊదా రంగు ఎటో వెళ్ళిపోయింది. ఆకులు పచ్చగా, కాడ సన్నగా, జ్వరం నుంచి లేచిన మనిషిలా ఉంది. ఎండ తగలకపోతే ఇలాగే అవుతుందట. ఆ పేజీ నేను ముందే చదివాను, దాటేశాను.

ఎండలో పెట్టాలంటే వరండాలో పెట్టాలి. వరండాలో పెడితే గుండప్ప గడువుకు ముందే చూస్తాడు. పైగా ఈ అవతారంలో చూస్తాడు. లోపలే ఉండనీ. పుస్తకాల బీరువా పక్కన పచ్చ రంగు కూడా బాగానే ఉంది.

ఆగస్టు 27

కుళ్ళింది. పొద్దున సాయంత్రం నేను నీళ్ళు పోశాను. జాలిపడి మధ్యాహ్నం నారాయణమ్మ కూడా పోస్తోందట. ఇప్పుడు చెబుతోంది.

సెప్టెంబరు 1

మూడో కొమ్మ. ఈమధ్య ఆ తీగ రోడ్డు వైపే ఎక్కువ వాలుతోంది. లేత కొమ్మలు సరిగ్గా నా చేతికి అందేంత ఎత్తులో వేలాడుతున్నాయి. మొక్కలు వెలుగు వైపు తిరుగుతాయని పుస్తకం. ఇటు పడమర. ఏదో నియమం ఉండే ఉంటుంది, చూడాలి.

సెప్టెంబరు 12

నడుము నొప్పి. కుండీ చూడలేదు.

సెప్టెంబరు 13

చూశాను. చూడకుండా ఉండవలసింది.

సెప్టెంబరు 22

మానేశాను. వాకింగ్ కూడా. చదవడానికేమీ లేనివాళ్ళు మొక్కలు పెంచుకుంటారు. నాకు బోలెడుంది. అదీగాక ఊదా రంగు నాకెప్పుడూ నచ్చలేదు.

అక్టోబరు 1, ఆయుధపూజ

ఖాళీ కుండీని పాత పేపర్ల వెనక దాచాను. గుండప్ప వచ్చాడు, చేతిలో బొరుగుల పొట్లం. లోపలికి రమ్మని నేననలేదు. రానని అతనూ అనలేదు. గుమ్మం మీదే నిలబడ్డాడు.

"ఒళ్ళు బాగలేదా చెన్నప్పా? పొద్దున వొచ్చేదే మానేస్తివి," అన్నాడు.

ఎక్కడికి వచ్చేది అన్నాను.

"నీ కోసరం గోడ అవతలికి దించిన కొమ్మలు ముదిరిపోతా ఉండాయప్పా."

నారాయణమ్మ వంటింట్లో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది. తెలిసినవాడివి కొమ్మ తెచ్చి ఇవ్వకపోయావా అన్నాను.

"నేను తెచ్చి ఇస్తే నువ్వు తీసుకుంటావా? అడిగేదానికి నువ్వు నా మెట్టు ఎక్కల్ల. ఎక్కవు. ఇంగ నేనేం జేసేది? గోడ మిందనే దించితిని."

పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కిటికీ వైపు చూడనేలేదు. మూడు నెలల పందెం గురించి ఆ మనిషికి ఏమీ తెలియదు.

బొరుగుల్లో కొబ్బరి ముక్కలు చాలానే వేశాడు.

అక్టోబరు 2

ఈ రోజు నుంచి మొక్క పెంచుతాను. ఒక్కటే మొక్క. ఉగాది నాటికి నేల దాకా వేలాడాలి. ఈసారి వరండాలోనే, ఎండలో, ఎవరు చూసినా సరే. నీళ్ళు ఒక్కరే పోయాలి. ఆ ఒక్కరు ఎవరనేది ఇంట్లో ఇంకా తేలలేదు.

పొద్దున్నే గుండప్ప ఇంటికి వెళ్ళాను. కొమ్మ కోసం కాదు, పుస్తకాల సంగతి ముఖాముఖి తేల్చడానికి. గేటు తీసే ఉంది. మెట్టు ఎక్కాను. మాట ఎత్తబోయేసరికి కాఫీ ఇచ్చాడు. నోట్లో వేడి కాఫీ పెట్టుకుని అంత పాత తగువు ఎవరు ఎత్తగలరు? రేపు ఎత్తుతాను. రేపు కాఫీకి ముందే.

లేవబోతుంటే కొమ్మ తానే తుంచి ఇచ్చాడు. కవరులో పెట్టుకున్నాను. గేటు దాటాక అటూ ఇటూ చూసి, దాని మీద నాలుగు గన్నేరు పూలు కప్పాను.