చక్రవర్తి గారి వాంగ్మూలం

కాట్‌బస్, జర్మనీ, 2020 నవంబర్ 9
హాస్టల్ మేనేజర్ మా అందరి కిచెన్‌కి తాళం వేసి వారం దాటింది. కరోనా అంటాడు. ఇంట్లో పన్నెండు మందిమి, అందరం తెలుగు స్టూడెంట్లమే. బ్రెడ్డు తిని బతుకుతున్నాం. నేను 1857 గురించి చదువుతూ కాలక్షేపం చేస్తున్నాను. మీరట్ నుంచి వచ్చిన సిపాయిలు ఢిల్లీ కోట కిటికీ కింద నిలబడి, మాకు నాయకుడిగా ఉండమని ముసలి చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ని అడిగారట. నా దగ్గర ఖజానా లేదు, సైన్యం లేదు, నన్నొదిలేయండి అన్నాడట పాపం. వాళ్లకి కావలసింది ఆయన పేరు.

నవంబర్ 11
సిపాయిలు నా తలుపూ కొట్టారు. అందరికంటే ముందు ప్రవీణ. వరంగల్ పిల్ల, భయం తెలీదు. శ్రీహర్షన్నా, నువ్వు అందరికన్న పెద్దోనివి, నీ పేరు మీద మెయిల్ పోతెనే ఆయన వింటడు అంది. పద్దెనిమిదిన నాకు వీసా ఆఫీసులో టెర్మిన్, అదే, అపాయింట్‌మెంట్. మేనేజర్‌కి కోపమొచ్చి రూం పోతే అడ్రస్ పోతుంది, ఆ తర్వాత వీసా గోవిందా. అదేమీ చెప్పలేదు. మీ ఇష్టం అన్నాను. మొహమాటం నా జబ్బు.

నవంబర్ 12
కిచెన్ తెరవమని మేనేజర్‌కి మెయిల్ వెళ్లింది. కింద ఒక్కటే పేరు. నాది.

నవంబర్ 13, సాయంత్రం
జవాబు రాలేదు. ప్రవీణ స్క్రూడ్రైవర్‌తో తాళం ఊడదీసింది. ఇల్లంతా పోపు వాసన. మొదటి ప్లేటు నాకే పెట్టి చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది, అబద్ధమెందుకు. ఢిల్లీలో ఆ ముసలాయన కూడా కొన్నాళ్లు ఇలాగే మురిసిపోయి ఉంటాడు.

నవంబర్ 14
ఢిల్లీ పడిపోయాక విచారణలో ఆయన చెప్పింది ఇవాళ చదివాను. అంతా సిపాయిలే చేశారు, నేను వాళ్ల చేతిలో బందీని, ఖాళీ కవర్ల మీద నా ముద్ర వేయించుకున్నారు అన్నాడు. ఛీ అనిపించింది. పుస్తకం మూసేశాను.

నవంబర్ 16
మేనేజర్ వచ్చాడు. మెయిల్ నీదే కదా, తాళం ఎవరు తీశారు, తీసినవాళ్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి అన్నాడు. నాకేం తెలీదు, నా పేరు వాళ్లే పెట్టుకున్నారు, తాళం తీసింది ప్రవీణ అన్నాను. గడగడా చెప్పేశాను.
ముసలాయనకి ఎనభై దాటాయి, చుట్టూ తుపాకులు. నాకు ముప్పై ఒకటి, ఎదురుగా మాస్కు పెట్టుకున్న ఒక మేనేజర్. అసహ్యంగా ఉంది.

నవంబర్ 18
వీసా పొడిగించారు. రెండేళ్లు. ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 30
ప్రవీణ ఖాళీ చేసింది. సూట్‌కేసులు, బియ్యం సంచి, కుక్కర్, అన్నీ మిగతావాళ్లు తలా ఒకటి పట్టుకుని ట్రామ్ దాకా మోశారు. నా తలుపు తీసే ఉంచాను. నన్నెవరూ పిలవలేదు.