శీను గడిలో పెట్టిన మాట

బంగారీ,

నువ్వూ అమ్మమ్మా ఎలా ఉన్నారు? అమ్మమ్మ మోకాళ్లు వానలకు ఇంకా లాగుతున్నాయా? గేదె ఈనిందా? నేను విశాఖపట్నంలో బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. అమ్మమ్మ రాయించిన ఉత్తరం అందింది. శీను అన్నయ్య పోయినప్పటి నుంచి నువ్వు రాత్రిపూట కంచం ముందు కూర్చుని లేచిపోతున్నావట. అది చదివించుకుని వెంటనే ఈ ఉత్తరం రాయిస్తున్నాను.

హార్బరు దగ్గర అన్నయ్య పనిచేసిన చేపల ఆఫీసులోనే నాకు టీలు పెట్టి వంట చేసే పని ఇచ్చారు కదా, మూడు నెలలు కావస్తోంది. ఇక్కడి గాలికి డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. బట్టలు ఆరవు. నీసు వాసన మొదట్లో ముద్ద దిగనిచ్చేది కాదు, ఇప్పుడు అలవాటైంది. శీను కుర్చీ తుడిచేటప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది. బాగానే ఉన్నానులే.

శీను చేసిన చేపల రేట్ల పేజీని ఇక్కడే వాడితో పనిచేసిన స్నేహితుడు రమణ మొన్న కంప్యూటర్లో చూపించాడు. చేప పేరు నొక్కితే పక్కనున్న గడిలో ఆ రోజు రేటు వస్తుంది. అది వచ్చేలోపు గడిలో ఏవో అక్షరాలు కనిపించి పోతున్నాయి. కూడబలుక్కుని చదివే నాకు అందడం లేదు. వంజరం మీద నొక్కుతూనే ఉన్నాను.

"ఏటి పిన్నీ, వంజరం రేటు అన్నిసార్లు సూత్తన్నావ్? కొంటావేటి?" అని రమణ నవ్వాడు.

"రేటు కాదురా. ముందొచ్చి పోతన్నాదే, అదేటి?"

"పేజీ అంతా మళ్లీ రాదు పిన్నీ. ఈ గడొక్కటే కొత్త రేటు తెచ్చుకుంటాది. అందాకా శీనుగాడు పెట్టిన మాట కనపడతాది."

ఇంకో నాలుగుసార్లు నొక్కితే పూర్తిగా చదవగలిగాను. "ఉండ్రా నాన్నా, వత్తన్నాది" అని ఉంది.

నీకు గుర్తుందా? బడి నుంచి రాగానే వాడు కంచం ముందు కూర్చుని గ్లాసుతో నేల మీద కొట్టేవాడు. వాణ్ని చూసి నువ్వు చెంబుతో కొట్టేదానివి. నేను పొయ్యి దగ్గర నుంచి ఆ మాటే అరిచేదాన్ని. వాడు దాన్ని అక్కడ పెట్టుకున్నాడని నాకు తెలియనే తెలియదు.

మర్నాడు టీ తీసుకెళ్లేసరికి ఆఫీసు యజమాని రమణతో అంటున్నాడు, "ఈ యాస చూసి చేపలు కొనే విజయవాడ వాళ్లు నవ్వుతున్నారయ్యా. తీసేసి గుండ్రంగా తిరిగే బొమ్మేదైనా పెట్టు." ఆయన గోదావరి మనిషి. టీ గ్లాసులు బల్ల మీద పెట్టేశాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"బాబూ, ఆ మాట నాది. మావోడికి అన్నం ఎట్టినప్పుడు నానే అనేదాన్ని" అన్నాను.

ఆయన వంజరం మీద తనే ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత, "రమణా, మిగతా పేజీ ఎలా కావాలంటే అలా మార్చుకో. ఆ గడి జోలికి వెళ్లకు" అన్నాడు.

ఇక్కడ నెట్ స్పీడు ఎక్కువ, రెప్ప వాల్చేలోపు ఆ మాట పోతోంది. మన టౌనులో నెట్ సెంటరు నత్తనడకని నువ్వు విసుక్కునేదానివి కదా. అక్కడైతే చాలాసేపు నిలబడుతుందని రమణ చెప్పాడు. సంతకు వెళ్లినప్పుడు చూడు. పేజీ పేరు ఈ కాగితం వెనక రమణ రాశాడు. ఏ చేప నొక్కినా పరవాలేదు. నా బదులు కూడా నిదానంగా చదువు.

ఎవరైనా ఇటు వస్తుంటే అంబలికి కాస్త చోడిపిండి పంపు. మీ చినమావయ్యని అడిగానని చెప్పు. అమ్మమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టు, నా కోసం ఆవిడ దీవెన అడుగు. నీకు నా దీవెనలెప్పుడూ ఉంటాయి.

మీ అమ్మ

మరిచాను. ఆ మాట చూసి ఏడుస్తూ కూర్చోకు. అది అన్నానికి పిలిచే మాట. ఇంటికి వెళ్లి కడుపునిండా తిను.