చెల్లని నూట ఎనభై ఎనిమిది గంటలు

ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల లైసెన్సు అధికారి గారి సముఖమునకు,

విషయం: నా బోధనా శిక్షణలో నూట ఎనభై ఎనిమిది గంటలు చెల్లవని తమ కార్యాలయం దరఖాస్తును తిప్పి పంపుట గురించి, ఇది నాలుగవ అర్జీ అగుట గురించి.

అయ్యా,

దిగువ సంతకం చేసిన నేను, ప్రత్యేక అవసరాల పిల్లల తరగతిలో పదమూడు సంవత్సరములు ఆయాగా పనిచేసి, నలభై ఒకటవ ఏట పీజీలో చేరి, ప్రత్యేక విద్యలో రెండేళ్ల కోర్సును మొదటి శ్రేణిలో పూర్తి చేసినదానను. మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే లెక్చరర్ వచ్చిందనుకుని అందరూ లేచి నిలబడ్డారు. ఆ సంగతి ఇక్కడ అనవసరమని తెలిసియు మనవి చేయుచున్నాను. ఆ రెండేళ్లలో నాకు నవ్వొచ్చిన సందర్భం అదొక్కటే.

1. లైసెన్సు పొందుటకు, లైసెన్సు గల టీచరు పర్యవేక్షణలో మూడు వందల గంటలు పాఠం చెప్పి ఉండవలెనని నిబంధన. మా బడిలో అట్టివారు ఒక్కరే. ఆమెను అందరూ పెద్ద టీచరమ్మ అంటారు. నేను పాఠం చెబుతుంటే ఆమె వెనుక బల్ల దగ్గర కూర్చుని వినేవారు. తప్పు దొర్లితే పెన్నుతో బల్ల మీద ఒక్కసారి తట్టేవారు. అంతకుమించి ఒక్క మాట అనేవారు కాదు. అలా నూట పన్నెండు గంటలు అయ్యాక, ఒకనాడు బోర్డు మీద బొమ్మ గీస్తూ గీస్తూనే పక్షవాతంతో పడిపోయారు.

మర్నాడు ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి, "తొమ్మిదిమంది పిల్లల్ని ఎక్కడ పెట్టమంటావమ్మా? నువ్వే నడుపు. కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. నడిపాను. ఒక్కదాన్నే నూట ఎనభై ఎనిమిది గంటలు నడిపాను. ఆ గంటల్లో ఒక అబ్బాయి తన చొక్కా గుండీలు తను పెట్టుకోవడం నేర్చాడు. ఇంకొక అమ్మాయి ఉంది. మాటలు రావు. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది కాబట్టి వాళ్లమ్మ పిచ్చుక అని పిలుస్తుంది. ఆ తల్లి బట్టలు కుడుతుంది. దాహం వేస్తే పిచ్చుక తన చెయ్యి తనే కొరుక్కునేది. ఆ గంటల్లోనే కొరకడం మాని, నీళ్ల గ్లాసు బొమ్మ గీసిన కార్డు తెచ్చి నా చేతిలో పెట్టడం నేర్చుకుంది.

2. సదరు గంటలపై తమ కార్యాలయం ఇచ్చిన జవాబు: "పర్యవేక్షకులు గదిలో లేనందున అవి బోధనగా పరిగణింపబడవు." అయ్యా, మరి అవి ఏమిటి? లైసెన్సున్న మనిషి గదిలో కూర్చుని కునుకు తీసినా అది బోధనే అవుతుంది. నేను ఒక్కదాన్నే తొమ్మిదిమందికి నేర్పితే మాత్రం కాదు. మిగిలిన గంటలు మళ్లీ చేసుకు రమ్మన్నారు. ఎవరి దగ్గర? పదకొండు బడులు తిరిగాను. ఒక్క బడిలోనూ లైసెన్సున్న టీచరు లేరు. లేరు కాబట్టే కదా నేను చదివింది.

3. మూడవ అర్జీ ఇవ్వడానికి వచ్చిన రోజున తమ గుమాస్తా గారు నన్ను వరండాలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "ఇంత చదివారు, ఇంత చిన్న సంగతి తట్టలేదా మీకు? మీ పెద్ద టీచరమ్మ బతికే ఉన్నారుగా. వేలిముద్ర వేయించి తెచ్చేయండి, తేదీలు ఎవరు చూస్తారు?" అన్నారు. నా మీద జాలితోనే చెప్పారు. కావున ఆయనపై ఎట్టి చర్యా తీసుకొనరాదని ప్రార్థన.

వెళ్లాను. దాచను. ఇంకు పాడ్ సంచిలో పెట్టుకునే వెళ్లాను. పెద్ద టీచరమ్మకు కుడి చెయ్యీ, మాటా రెండూ పడిపోయాయి. కోడలు దిండ్లు సర్ది కూర్చోబెట్టింది. ఆ గంటలన్నీ ఆవిడ ఎదుటే చెప్పినట్టు తేదీలు వేసిన కాగితం నేను ముందు పట్టుకుంటే, ఎడమ చేతి వేలు తేదీల మీద నెమ్మదిగా జరుపుకుంటూ చదివారు. మొదటి తేదీ దగ్గర వేలు ఆగింది. ఆ రోజు ఆవిడ ఆసుపత్రిలో, ముక్కులో గొట్టంతో ఉన్నారు. నా ముఖంలోకి చూశారు. తర్వాత అదే వేలితో మంచం పట్టె మీద ఒక్కసారి తట్టారు.

ఇంకు పాడ్ సంచిలోంచి తీయలేదు. బస్సులో ఆవిడ మీద కోపంతో దారి పొడవునా ఏడ్చాను. ఇల్లు చేరేసరికి ఆ కోపం తమ మీదికి మళ్లింది. నేటికిని అచ్చటనే ఉన్నది.

4. లైసెన్సు లేని వ్యక్తి తరగతి నడపరాదని తమ ఉత్తర్వు అందిన పూటే గదికి తాళం పడింది. నన్ను ఆఫీసు గదిలో ఫైళ్లు సర్దే పనికి మార్చారు. పిల్లలను మామూలు తరగతుల్లో వెనుక బెంచీలకు పంచారు. పిచ్చుక యాభై నలుగురు ఉన్న క్లాసులో పడింది.

మూడో వారం మంగళవారం, మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు అది గేటు దాటి వెళ్లిపోయింది. రెండున్నరకు హాజరు పిలిచేదాకా ఎవరికీ తెలియదు. నేను, వాళ్లమ్మ, వాచ్‌మన్, బస్సుల వర్క్‌షాపులో పని వదిలేసి వచ్చిన మా ఆయన, తలా ఒక వీధి పట్టుకున్నాం. నాలుగున్నరకు దొరికింది. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, డివైడర్ మీద కూర్చుని ఉంది. ఇటూ అటూ లారీలు పోతున్నాయి. ఒక కానిస్టేబులు వంగి, పేరేమిటి, ఇల్లెక్కడ అని అరిచి అరిచి అడుగుతున్నాడు. అది తన చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కుంటోంది. నేను సీసా మూత తీసి నీళ్లు పట్టాను. సీసా మొత్తం తాగింది.

వాళ్లమ్మ పిల్లను ఎత్తుకుని, నన్ను ఒక్క మాట అడిగింది. "అక్కా, దాహమైతే బొమ్మ ఇచ్చేది కదా. ఎవరికివ్వాలో తెలియక వెళ్లిపోయిందంటావా?"

దీనికి జవాబు తమరు చెప్పవలెను.

5. మర్నాడు ఉదయం తాళం పగలగొట్టాను. సుత్తి మా ఆయన వర్క్‌షాపు నుంచి తెచ్చారు. కొట్టింది మాత్రం నేనే. ప్రధానోపాధ్యాయులు వరండాలో నిలబడి చూసి, తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. నాటి నుండి ఇరవై ఆరు రోజులుగా తమ ఉత్తర్వును ఉల్లంఘించి తరగతి నడుపుచున్నాను. తొమ్మిదిమందిలో ఏడుగురు తిరిగి వచ్చారు. గుండీలు పెట్టుకునే అబ్బాయీ, ఇంకొక పిల్లా రాలేదు. ఇళ్లకు వెళ్లి అడిగితే, ఇక బడి వద్దులెండి అన్నారు.

కావున కోరునది ఏమనగా:

'దయచేసి' అని మూడు అర్జీలలో రాశాను, ఇందులో రాయను. తమరు కూడా ఒకప్పుడు ఇదే లైసెన్సు పొందిన టీచరు. అది తమ కుర్చీ వెనుక గోడకు ఫ్రేము కట్టి వేలాడుచున్నది. తమరు మా బడికి వచ్చి నా గదిలో నూట ఎనభై ఎనిమిది గంటలు కూర్చోవలెను. ఏ పనీ చేయనక్కరలేదు. గదిలో ఉంటే చాలునని తమ నిబంధనే చెప్పుచున్నది. అది వీలుకానిచో, ఉత్తర్వు ఉల్లంఘించినందుకు పోలీసులను పంపవలెను. ఎవరు వచ్చినా పాఠం ఆపను.

వెనుకటి మూడింటినీ తమరు చిత్తగించితిరో, గుమాస్తా గారే చదివి దాచిరో నాకు తెలియదు. దీనిని మాత్రం తమరే చిత్తగించవలెను.

ఇట్లు,
నేటి వరకు తమ విధేయురాలు,
ఆయా, మూడో నంబరు గది

తా.క. నిజంగా వచ్చేటట్లయితే తలుపు గట్టిగా వెయ్యకండి. చప్పుడైతే పిచ్చుక బల్ల కింద దూరుతుంది. దాన్ని మళ్లీ బయటికి రప్పించడానికి నాకు గంట పడుతుంది. మీరు గదిలో ఉంటారు కాబట్టి ఆ గంట చెల్లుతుంది, నాకు తెలుసు. అయినా వెయ్యకండి.