పొట్లాలైపోయిన తప్పులు

సూళ్లూరుపేట,
12 సెప్టెంబరు 2025, శుక్రవారం.

పూజ్యులైన రాజారత్నం సార్‌కు,

మీ శిష్యురాలు అమల చేతులు జోడించి రాసుకుంటున్నది. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, చిత్తూరులో మీ చెల్లెలుగారింట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఊరికే కూర్చోలేక కనబడినవాళ్ళనల్లా కసురుకుంటున్నారనీ నాతోపాటు మీ దగ్గర నేర్చుకున్న భానుప్రియ చెప్పింది. అంటే మీరు కులాసాయే. మేమూ కులాసా అని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను.

ఇంగ్లీషు నేర్పిన గురువుకు తెలుగులో ఉత్తరమేమిటని కోపం తెచ్చుకోకండి సార్. కొన్నాళ్ళు మీరు అక్షరం చూడకూడదని డాక్టరు చెప్పాడట కదా. చదివి వినిపించేది మన చంద్రకాంతమ్మగారే కదా. మీ ఆవిడకు వచ్చిన భాషలోనే రాస్తే ఆవిడకూ సుఖం, నాకూ సుఖం. పైగా మీ చేతిలో ఎర్ర పెన్ను లేని సమయం నాకు మళ్ళీ దొరకదు. అమ్మా, సార్ మధ్యలో అడ్డొచ్చినా మీరు చదువుకుంటూ పోండి. ఒక్కచోట మాత్రం ఆగాలి. ఆ చోటు వచ్చినప్పుడు చెప్తాను.

నాయనకు కంపెనీవాళ్ళు తోలడానికి కొత్త బస్సు ఇచ్చారు. ఏసీ ఉండాదని వీధంతా చెప్పుకుంటున్నాడు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. అయినా నా సీటు కోసం శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేస్తోంది. ఈరోజు తినమ్మా అంటే, సీటు వచ్చినాక తింటాలే అంది. ఆమె ముఖం చూసి ఏమీ చెప్పలేక ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మీరు ఆపరేషన్‌కు వెళ్ళేముందు మనం పంపిన దరఖాస్తు గుర్తుంది కదా. ఇంగ్లీషు రాత నేర్పే టీచర్లను తయారుచేసే చదువు. ఫీజు లేదు, హాస్టలు ఆ సంస్థవాళ్ళదే. సీటు ఇచ్చేదీ ఇవ్వనిదీ అంతా మనం రాసే వ్యాసం మీదే. అది వస్తే ప్యాకింగ్ పని మానేసి, చదువు ముగించి, మీలాగే ఏదో ఒక మిద్దె మీద గది తీసుకుని పిల్లలకు వాక్యాలు దిద్దుకుంటూ బతకాలనుకున్నాను. అంతకు మించిన ఆశ నాకు లేదని మీకు తెలుసు.

సార్, ఆ సీటు రాలేదు.

వచ్చిన వ్యాసాలన్నిటినీ వాళ్ళు ముందు కంప్యూటర్‌కు చూపిస్తారట. రాసింది మనిషా, యంత్రమా అని అది తేల్చి చెప్తుందట. నా వ్యాసం చూసి యంత్రమే అంది. ఎందుకని అడిగితే కారణాలు పంపారు. వ్యాకరణ దోషాలు లేవు. వాక్యాలు మరీ నిలకడగా ఉన్నాయి. సెమీకోలన్ల వాడకం అభ్యర్థి వయసుకూ ప్రాంతానికీ సహజంగా లేదు. మీరు ఇన్నేళ్ళలో నన్ను ఇంతగా ఎప్పుడూ మెచ్చుకోలేదు సార్. మెచ్చుకోలు తిట్టు రూపంలో వచ్చింది, అంతే.

అందులో ఒక వాక్యానికి ప్రత్యేకంగా ఎర్రరంగు పూసి పంపారు. అమ్మా, ఆగాల్సిన చోటు ఇదే. దాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది. మా నాయన అందరినీ పనికి చేరుస్తాడు; ఆయన ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. పైన చుక్క, కింద కామా కనిపించిన చోట, అంటే ఆ సెమీకోలన్ దగ్గర, గుటక వేసేంత సేపు ఆగండి. మొదట నేనక్కడ 'కానీ' అని రాశాను. సార్ దాన్ని కొట్టేసి, కానీ అనే మాట చదివేవాడి మనసులో పుట్టాలి, నువ్వు ఊరికే ఆగు చాలు అన్నారు. ఆ ఆగడం నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. సరిగ్గా అక్కడే యంత్రం దొరికిపోయిందంటున్నారు వాళ్ళు.

నాయనకు చెప్పక తప్పలేదు. తప్పు రాస్తే మార్కులు కోస్తారని విన్నాగానీ, తప్పు రాయకపోతే కోసేదేందిమ్మా అన్నాడు. తర్వాత ఆ ఎర్రరంగు వాక్యానికి అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. నవ్వి, నేనేడికి పోతాను, డీజిలు బంకుకు పోతాను అన్నాడు. కాసేపు బస్సు తాళాలతో ఆడుకుంటూ కూర్చుని, నువ్వు రాస్తా ఉంటే నేను కళ్ళారా సూసినాను గదా, యాడికైనా వచ్చి సాచ్చికం చెప్తానని లేచాడు. ఏం రాశానో చదవలేని మనిషి సాక్ష్యం వాళ్ళకెందుకు సార్? ఆ మాట ఆయనతో అనలేక, అవసరమైతే పిలుస్తాలే నాయనా అన్నాను. రోజూ డ్యూటీ దిగగానే, పిలిచినారా అని అడుగుతున్నాడు.

పోనీ, వ్యాసం నాదేనని నిరూపించుకోవడానికి దారేదైనా ఉందా అని వాళ్ళనే అడిగాను. ఉంది, నీ చిత్తుప్రతులు పంపు, కొట్టివేతలూ తప్పులూ కనిపించాలి అన్నారు. నా ప్రాణం అక్కడే సగం పోయింది. మీ పద్ధతి మీకు తెలిసిందే కదా. తప్పు కాగితం కళ్ళముందుంటే తప్పే అలవాటవుతుందని, మంచిప్రతి రాయగానే చిత్తు కాగితాలన్నీ కింద రాఘవమ్మకు ఇచ్చి రమ్మనేవారు. ఆమె వాటితో ఉడకబెట్టిన శెనక్కాయలు పొట్లాలు కట్టేది.

అయినా ఆశ చావక, సెలవు పెట్టి తిరుపతి బస్సెక్కాను. మీ గదికి తాళం ఉంది. మెట్ల కింద రాఘవమ్మ బండి ఉంది. సంగతంతా విని ఆమె పాపం గోతాం బోర్లించి వెతికింది. వెతికి వెతికి నడుం పట్టుకుని, నీ తప్పులన్నీ తిరప్తి జనం శెనక్కాయల్తో పాటు నమిలేసినారు పాపా, ఇప్పుడు నేనేడ తెచ్చేది అంది. గోతాం అడుగున దొరికింది ఒకే ఒక్క కాగితం. అదీ భానుప్రియది. ఆర్టికల్స్ ఒక్కటీ సరిగ్గా లేవు, కాలాలు కలగాపులగం, మీ ఎర్ర గీతలు పైనుంచి కిందిదాకా. దాన్ని చూస్తే నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను సార్. వచ్చేటప్పుడు ఒక పొట్లం చేతిలో పెట్టి, మీ సారు ఊర్లో లేకపోయేసరికి పేపరు కొనుక్కుంటా ఉండానని ఆమె కష్టం ఆమె చెప్పుకుంది.

చివరికి ఫోన్‌లో వీడియో పెట్టి కమిటీవాళ్ళు మాట్లాడారు. నా రాత మీకు తెలుసు, నా మాటా మీకు తెలుసు. ఇంగ్లీషులో నోరు తెరిస్తే నాకు మాటలు వరస తప్పుతాయి. తడబడ్డాను. మాటకూ రాతకూ పొంతన లేదే అంది అందులో ఒక మేడమ్. సెమీకోలన్ పెట్టి ఎవరు మాట్లాడతారు మేడమ్ అని అడగాలనిపించింది. అడిగే ఇంగ్లీషు సమయానికి రాలేదు. మీ ఎదుటే కూర్చుని ఇంకో వ్యాసం రాస్తాను, చూడండి అని మాత్రం బతిమాలాను. అలా రాయించడానికి నిబంధనల్లో వీలు లేదన్నారు. వాళ్ళు కసురుకోలేదు సార్, ఎంతో మర్యాదగా మాట్లాడారు. కసురుకుని ఉంటే కనీసం పోట్లాడేదాన్ని.

భానుప్రియ ఒక ఉపాయం చెప్పింది. అదే వ్యాసంలో నాలుగు తప్పులు చల్లి, చిత్తుప్రతి దొరికిందని పంపమంది. కూర్చున్నాను. ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్ అని రాశాను. అసలు నాకు అక్కచెల్లెళ్ళే లేరు. అయినా నాకు బాధ కలిగింది అక్కచెల్లెళ్ళు లేనందుకు కాదు, ఆ 'హ్యావింగ్' చూసి. చెయ్యి దానంతటదే వెళ్ళి కొట్టేసింది. ఇన్నాళ్ళూ ఏరి పారేసిన రాళ్ళను మళ్ళీ బియ్యంలో కలపడం నా వల్ల కాలేదు. తప్పు రాయడం చేతకాక ఏడ్చిన విద్యార్థి మీకు నేనొక్కదాన్నే అయ్యుంటాను. మీరుంటే ఏం చేసేవారు సార్? తప్పులు నేర్పేవారా? అలా అడగడం కూడా నాకు ఇష్టం లేదు.

ఇక దాని గురించి మీరు మనసు పాడుచేసుకోకండి. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని వాళ్ళు ఒప్పుకున్నారు. మీరు కళ్ళద్దాలు తీసేసి వాళ్ళకు ఘాటుగా ఉత్తరం రాస్తారేమోనని భయంగా ఉంది. వద్దు సార్. మీ ఇంగ్లీషు చూస్తే మిమ్మల్నీ యంత్రమనే అంటారు. కంట్లో మందు వేళకు వేయించుకోండి. అమ్మ చెప్పిన మాట వినండి.

మీ ఇద్దరి ఆశీస్సులు కోరుకునే,
మీ మిద్దె మీది విద్యార్థిని,
అమల

తా.క. అమ్మా, ఇక్కడినుంచి సార్‌కు చదవొద్దని రాసి, మళ్ళీ కొట్టేశాను. చదవండి. సార్‌కు తెలియాలి.

తెలుగులో రాసింది మీ కోసమని పైన చెప్పాను. అది సగమే నిజం. ఇంగ్లీషులో రాయబోతే ప్రతి వాక్యం దగ్గరా ఇది నాదేనా అని నాకే అనుమానం వస్తోంది సార్.

వచ్చే ఏడు రావచ్చని వాళ్ళు ఊరికే ఒప్పుకోలేదు. వ్యాసం యంత్రంతో రాయించానని ఒప్పుకుని క్షమాపణ ఉత్తరం ఇమ్మన్నారు. ఇవ్వకపోతే ఇక ఎప్పటికీ నా దరఖాస్తు తీసుకునేది లేదన్నారు. చేయని తప్పుకు క్షమాపణ రాయడానికి కూర్చుంటే నాకు మొదటి మాటే రాలేదు. అందుకని యంత్రాన్నే అడిగాను. నా జన్మలో అదే మొదటిసారి. సూళ్లూరుపేటలో ఒక బస్సు డ్రైవరు కూతురు, ఇంగ్లీషు సరిగ్గా రానిది, తప్పు చేసి క్షమించమంటే ఎలా రాస్తుందో అలా రాయమన్నాను. అడిగిన మరుక్షణం రాసిచ్చింది. మైసెల్ఫ్ అమల అని మొదలుపెట్టింది. మై ఫాదర్ ఈజ్ హ్యావింగ్ మెనీ ప్రాబ్లమ్స్ అంది. కొత్త బస్సు చూసుకుని మురిసిపోతున్న మనిషిని దిక్కులేనివాణ్ణి చేసి ఏడిపించింది. నేను ఒక్క అక్షరం దిద్దకుండా పంపేశాను.

వాళ్ళ కంప్యూటర్ దాన్ని చూసి, ఇది పూర్తిగా మనిషి రాసిందే అని చెప్పింది. మేడమ్ స్వయంగా జవాబు రాసింది. ఇప్పుడు నీ సొంత గొంతు వినిపించింది అమలా, ఇకముందు ఇలాగే రాయి అంది.

వాళ్ళు నాది కాదన్న వాక్యం నాదే; వాళ్ళు నాదేనన్న ఉత్తరం నాది కాదు. అమ్మా, మధ్యలో కాస్త ఆగి చదవండి.