ఒకటిన్నర నిమిషం వాన

మార్చి 4

నాకు పదకొండేళ్లప్పుడు పాటల మాస్టారు ఒక మాట ఇచ్చాడు. స్కూలు వార్షికోత్సవంలో బృందగానం మొదటి లైను నేనొక్కణ్ణే పాడాలని. నెల రోజులు మెట్ల కింద, స్నానాల గదిలో, దుప్పటి లోపల ఆ ఒక్క లైనే పాడుకున్నాను. తీరా తెర లేవబోతుంటే వచ్చి, నా చెవి దగ్గర వంగి, నువ్వు ఊరికే పెదాలు కదుపు నాయనా, శబ్దం మాత్రం రానివ్వకు అన్నాడు. కదిపాను. ముందు వరసలో కూర్చున్న అమ్మ నేను పాడుతున్నాననే అనుకుంది. ఇంటికొచ్చాక, ఎంత బాగా పాడావురా అంది. అంతకంటే పెద్ద శిక్ష నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆయన పోయి ముప్పై ఏళ్లు. అయితే ఏం? డెబ్బై ఎనిమిదొచ్చాయి, ఇంకా మొహమాటం దేనికి? ఈ నోట్‌బుక్‌లో ఒక్కొక్కరినీ కడిగి ఆరేస్తాను. మొదటి పేజీ ఆయనది.

మార్చి 5, ఉదయం

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో నిన్న రాయలేదు. రేడియో స్టేషన్ నుంచి ఫోన్.

ముప్పై ఆరేళ్లు అక్కడ సౌండ్ ఎఫెక్ట్స్ చేశాను. జల్లెడలో బఠానీలు తిప్పితే వాన. రేకు ఊపితే ఉరుము. గుడ్డసంచిలో పిండి పిసికితే మంచులో నడక. నాటకాల్లో ఎంతమంది అలిగి వెళ్లిపోయినా తలుపు ధడాలున వేసింది నేనే. నా గొంతు మాత్రం ఒక్కసారీ గాలిలోకి వెళ్లలేదు.

ఫోన్ చేసింది కొత్త ప్రొడ్యూసర్. మనవరాలి వయసుంటుంది. మీతో పనుంది సార్ అంది. ఇంట్లో బఠానీలు లేవమ్మా అన్నాను. బఠానీలు కాదట, నేనే కావాలట. నాటకంలో లైట్‌హౌస్ కాపలా ముసలాయన ఒకడున్నాడు, పద్నాలుగు డైలాగులు. అందరూ ముసలివాళ్లలా నటించేస్తున్నారు సార్, నాకు నటించక్కర్లేని ముసలాయన కావాలి అంది. ఇరవయ్యో తారీకు రికార్డింగ్.

రాను అన్నాను. సరే సార్, స్క్రిప్ట్ పంపిస్తున్నా అంది. చెవుడు ఆ పిల్లకో నాకో అర్థం కాలేదు.

మార్చి 9

రెండో పేజీ మా డైరెక్టర్‌ది.

అప్పట్లో నాటకాలు లైవ్. పెళ్లైన నాలుగో ఏడు, వానాకాలం నాటకం ఒకటి. తేనెగొంతు అని మేం పిలిచే హీరో మైకు ముందు నిలబడి, సరిగ్గా పెద్ద డైలాగు దగ్గర దగ్గు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. స్టూడియోలో మిగిలింది నేను. నాటకమంతా నాకు కంఠతా. ఆ సంగతి డైరెక్టర్‌కి తెలుసు. అద్దం అవతలి నుంచి నన్నే చూపించి, మాట్లాడు అని సైగ చేశాడు. రెండు చేతులతో బతిమాలాడు.

నేను జల్లెడ ఇంకాస్త గట్టిగా తిప్పాను.

ఒకటిన్నర నిమిషం. ఎవరూ లేని ఊళ్లో కురిసినట్టు వాన. నా చేతుల కింద అది పెరిగింది, పలచబడింది, చూరు నుంచి చుక్కలుగా రాలింది. మళ్లీ అందుకుంది. ఆ కాసేపూ నేను తడిశానని ఇప్పటికీ అనిపిస్తుంది. తేనెగొంతు తిరిగొచ్చి డైలాగు చెప్పేవరకూ ఆపలేదు. వారం తర్వాత శ్రోతల ఉత్తరాలన్నీ ఆ వాన గురించే. ఒకావిడ పరిగెత్తి ఆరేసిన బట్టలు తీసుకొచ్చుకుందట.

డైరెక్టర్ మాత్రం అందరి ముందూ, నోట్లో కూడా బఠానీలే పెట్టుకున్నావా అయ్యా అన్నాడు. ఆ తర్వాత ఇంకో అవకాశం ఇవ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి.

మార్చి 10

స్క్రిప్ట్ వచ్చింది. కవరు విప్పలేదు.

మార్చి 13

విప్పాను. ఒక డైలాగు ఇది: ఓడలన్నీ నన్ను చూసే దారి తెలుసుకుంటాయి, నా దగ్గరికి మాత్రం ఒక్కటీ రాదు. రాసినవాడికి వయసు లేదు కానీ బుర్ర ఉంది.

మధ్యాహ్నం కునుకులో సముద్రం కనిపించింది. అంతా పచ్చ బఠానీలే. ఓడలు వాటి మీద నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోతున్నాయి.

మార్చి 16, సాయంత్రం

సాయంత్రాలు మా ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చునేది, నేను పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. నలభై ఏళ్లకు పైగా. ఎన్ని దేశాల నవలలు, ఎన్ని గొంతులు! రాజు గొంతు, దొంగ గొంతు, చచ్చిపోయే తల్లి గొంతు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. మంచి చోట మిషన్ ఆగేది. ఏమైంది అంటే, దారం తెగింది అనేది. ఎన్నిసార్లు తెగిందో ఆ దారం.

తను పోయి నాలుగేళ్లు. నేను ఇప్పటికీ పైకే చదువుతాను. అలవాటు.

మార్చి 20

రానన్నవాణ్ణే, వెళ్లాను. మొదటి టేక్. ఎర్రలైటు వెలిగింది. చదివాను. పూర్తిగా చదివాననే అనుకున్నాను. అద్దం అవతల ప్రొడ్యూసర్ హెడ్‌ఫోన్స్ తీసి, విదిలించి, మళ్లీ పెట్టుకుంది. తర్వాత లోపలికొచ్చి, సార్, మీ పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు అంది.

ఇంటికి పోతానన్నాను. పోదురుగాని, కాస్త కూర్చోండి అంది. ఇది లైవ్ కాదు సార్, వందసార్లు పాడుచేసినా అడిగేవాడు లేడు, నేనైతే రోజూ పాడుచేస్తాను అంది. తర్వాత నా కుర్చీని గోడవైపు తిప్పింది. ఇటు మేమెవరం లేం, ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించే ఉంటారుగా, వాళ్లకి చదవండి అని వెళ్లిపోయింది.

గోడ తెల్లగా ఉంది. కాసేపటికి దాని మీద సాయంత్రం వచ్చింది.

పద్నాలుగు డైలాగులూ ఒకే టేక్. ఆ పిల్ల వచ్చి కళ్లు తుడుచుకుంటూ, ఈ గొంతు పెట్టుకుని ఇన్నేళ్లు జల్లెడ తిప్పారా సార్, మిమ్మల్ని కొట్టాలి అంది.

బస్సులో కండక్టర్‌ని టికెట్ కావాలని గట్టిగా అడిగాను. అవసరం లేకపోయినా రెండుసార్లు.

మార్చి 28

నాటకం ప్రసారమైంది. అయిన పది నిమిషాలకే మా మరదలి ఫోన్. ఏం బావా, ముసలితనంలో హీరోవైపోయావే, ఇంక మాలాంటి వాళ్లతో మాట్లాడతావా అని మొదలుపెట్టింది. నీ దరఖాస్తు పరిశీలిస్తానన్నాను. పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, అక్క ఉంటే ఇవాళ నీ డైరెక్టర్ సంగతి చెప్పేసేది బావా అంది.

ఏ సంగతి?

ఆ వాన నాటకమైన నెలకి, నేను లేనప్పుడు, డైరెక్టర్ మా ఇంటికొచ్చాడట. మీ ఆయన్ని వాయిస్ టెస్ట్‌కి పంపండమ్మా, నేను పిలిస్తే బెదిరిపోతాడు, ఆయన గొంతు బాగుంటుందని మీరు ఒక్క మాట అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా అన్నాడట. అలాగే అని తలూపిందట మా ఆవిడ.

మరి చెప్పలేదేం అని చెల్లెలు అడిగితే, చెబితే వెళ్లిపోతాడే, రేపట్నుంచి ఊరంతా వింటుంది, ఇంక నాకేం మిగులుతుంది అందట.

అక్క మహా గడుసుది బావా అని మరదలు ఇంకా నవ్వుతోంది. నేను కూడా నవ్వాను. బాగానే వచ్చింది నవ్వు. గొంతు మంచిది కదా.

మార్చి 29, సాయంత్రం 6

ఇవాళ పుస్తకం పైకి చదవలేదు. మనసులోనే చదువుకున్నాను, మంచి చోటొచ్చినా సరే.

వినాలనుంటే తనే నోరు తెరిచి అడగాలి. ఒక్క మాట. నాకేం తొందర లేదు.

మాస్టారు కాదు. డైరెక్టర్ కాదు. మా ఆవిడ.