తెలియదు అన్నందుకు పడిన సున్నా

ఉపాధ్యాయ శిక్షణాధికారి గారి సముఖమునకు,
గణిత విభాగం రెండవ సంవత్సరం ఛాత్రోపాధ్యాయుడు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: భిన్నాల కూడిక పాఠంలో నాకు పడిన సున్నా గురించియు, ఆరవ తరగతి విద్యార్థిని ఒకరికి నేనిచ్చిన మాట గురించియు.

1. నేను ముప్పై ఎనిమిదేళ్ల వయసులో అచ్చాఫీసు పని మానుకుని తమ శిక్షణ కళాశాలలో చేరినవాడను. ఇచ్చట మాదిరి పాఠాలన్నీ మాలో మేమే చెప్పుకొనుచున్నాము. ఒకరు బోర్డు దగ్గర నిలబడగా మిగిలినవారు పదకొండేళ్ల పిల్లలుగా నటించవలెను. నా ముఖం చూసి కాబోలు, మొదటినుంచీ నాకు వెనుకబడిన విద్యార్థి వేషమే ఇచ్చినారు. పాఠ్యపథకంలో రాసిన తప్పును రాసిన చోట చెప్పి, ఒక్కసారి వివరించగానే "అర్థమైంది సార్" అనుట నా విధి. ఈ విధిలో నేనెన్నడూ లోపం చేయలేదని మనవి.

2. పాఠ్యపథకంలో ఎడమవైపు "ఉపాధ్యాయుని చర్య", కుడివైపు "విద్యార్థుల స్పందన" అని రెండు గడులుండుట తమకు తెలిసినదే. పిల్లలు ఈ బుధవారం ఏమనబోతారో కిందటి బుధవారమే రాసి, మాకు మార్కులు వేయు పర్యవేక్షకులు గారి సంతకం తీసుకొనవలెను. నేనునూ రాసితిని. "సగము, మూడో వంతు కలిపితే ఎంత?" అని నేను అడుగుట. "ఆరింట ఐదు వంతులు" అని పిల్లలు ఒక్క గొంతుతో పలుకుట. సంతకమైనది.

3. తీరా అసలు బడిలో అసలు పిల్లల ముందు ఆ ప్రశ్న వేయగా, కిటికీ పక్క బెంచీలోని అమ్మాయి లేచి "ఐదింట రెండు సార్" అన్నది. తప్పన్నాను. ఆమె కూర్చోలేదు. సోమవారం నేను దిద్ది ఇచ్చిన పరీక్ష కాగితం తీసి చూపింది.

"మొదటి భాగంలో నాకు రెండుకి ఒకటి వచ్చింది. రెండో భాగంలో మూడుకి ఒకటి. కింద మీరే కలిపి ఐదుకి రెండు అని వేశారు, ఎర్ర పెన్నుతో. మీరు కూడితే ఒప్పు, నేను కూడితే తప్పా సార్?"

కాగితం మీద 1/2, 1/3, వాటి కింద 2/5 ఉన్నవి. చేతిరాత నాదే. నలభై రెండు మంది నా ముఖం చూస్తున్నారు. వెనుక బెంచీలో పర్యవేక్షకులు గారు కలం మూత తీశారు. కుడివైపు గడిలో చూశాను, ఈ మాట లేదు. ఎడమవైపు చూశాను, దీనికి చర్య లేదు. "నాకు తెలియదమ్మా, రేపు చెబుతాను" అన్నాను.

4. పర్యవేక్షకులు గారు నన్ను వరండాలోకి పిలిచి, "లెక్కల మాస్టారు తెలియదంటాడటయ్యా? మంచి ప్రశ్న, కూర్చో అని ముందుకెళ్లిపోవాలి. రెండేళ్లుగా నేర్పింది అదేగా" అని సెలవిచ్చారు. నేర్పిన మాట నిజమే. ఆ పూటతో నా బోధనాభ్యాసం నిలిపివేసి, ఈ కింది విధంగా మార్కులు వేసి, ఏడాది మళ్లీ చదవమన్నారు. పాఠ్యపథకం 8/10, బోధన 0/20, మొత్తం 8/30.

5. వారు కూడిన తీరు తమరు గమనించవలెను. అచ్చం ఆ అమ్మాయి కూడినట్టే కూడినారు. మేము బోధించవలసిన నియమం ప్రకారం 8/10కి 0/20 కలిపిన 4/5 అగును. అనగా నూటికి ఎనభై. నేను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడను. కాదు, 8/30 యే సరి అందురా, అప్పుడు ఆ అమ్మాయి జవాబు ఒప్పు, నా పాఠ్యపథకం మీది సంతకం తప్పు. రెంటిలో ఏది కార్యాలయానికి అనుకూలమో తెలియజేయగలరు.

6. "ఆ ఒక్క మాటా మింగేసి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేవారు కదండీ" అని మా ఆవిడ రోజూ దెప్పుచున్నది. ఏడాది పోవడం నాకూ బాధే. కానీ ఆ రోజు బయటికి వస్తూ చూస్తే, ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ప్రశ్న రాసుకుని, పక్కన "రేపు" అని వేసి, కింద సగం పేజీ ఖాళీ వదిలింది. నేను చెప్పబోయేది రాసుకోవడానికి. ఆ రేపు దాటి పంతొమ్మిది రోజులైంది. నాకు సిగ్గుగా ఉంది. ఇక ఆమె ఏ తరగతిలోనూ లేచి నిలబడదేమోనని భయంగా ఉంది.

కావున సున్నా సంగతి తమరు ఎటు తేల్చినను, ఆ తరగతిలో నాకు ఒక్క పీరియడు మంజూరు చేయవలెనని వేడుకొనుచున్నాను. తీరిక లేకున్నను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనుకబడిన విద్యార్థి (రెండేళ్ల అనుభవం)

తా.క.: ఈ అర్జీ పట్టుకుని వస్తుంటే బడి గేటు దగ్గర ఆ అమ్మాయే ఎదురైంది. "రేపంటే ఎప్పుడు సార్?" అని దారికి అడ్డం నిలబడింది. ఏం చేయను, అర్జీ నకలునే మడిచి చూపించాను. "ఈ కాగితం ఒక్కటే, సగమూ ఇందులోదే, మూడో వంతూ ఇందులోదే. నీ పరీక్షలో మొదటి భాగం రెండు ప్రశ్నలు వేరు, రెండో భాగం మూడు ప్రశ్నలు వేరు, వాటిని పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాం, అంతే" అన్నాను. ఆమె కాగితాన్ని తనే రెండుసార్లు విప్పి మడిచి, "అయితే అది వేరే లెక్క" అంది. నేను సంతోషించేలోపే, "మరి పదిని సగంతో గుణిస్తే అయిదే వస్తుందేం సార్? గుణిస్తే పెరగాలి కదా" అంది.

"తెలియదమ్మా, రేపు చెబుతాను" అన్నాను.

గేటు దగ్గరి పాఠానికి ముందస్తు ఆమోదం లేదు కనుక దానికి మార్కులు కోరడం లేదు. పీరియడు మాత్రం ఇప్పటికీ కావాలి. కొత్త పాఠ్యపథకం జత చేశాను. కుడివైపు గడి ఖాళీగా వదిలాను. అలాగే సంతకం పెట్టి పంపగలరు.